నేను నింపిన పడవలో నేనే

మా పటాన్‌చెరు షెడ్డులో ఫైబర్ మోటారు పడవల గోడల మధ్య ఫోమ్ నింపేది నేనే. లోపలికి నీళ్లొచ్చినా పడవ మునగకుండా కాపాడేది ఆ ఫోమే. నింపినవాడే నీటి పరీక్షప్పుడు పడవలో కూర్చోవాలని మా మేస్త్రి ఎల్లన్న పెట్టిన నియమం. ఇవాళ నా వంతు. నాకు ఈత రాదు.

చెరువు మధ్యకు వెళ్లాక, పక్క పడవలోంచి ఎల్లన్న అడుగు బిరడా పీకమన్నాడు. పీకాను. లైఫ్ జాకెట్ ఉన్నా, నీళ్లు మోకాళ్లకు చేరేసరికి రెండు చేతులతో పడవ అంచు పట్టుకున్నాను. అప్పుడే గుర్తొచ్చింది. ఏదో పడవ ముందు మూల నింపుతుండగా అన్నం సైరన్ మోగింది, అది ఇదేనేమో. తిరిగొచ్చి నింపానా, లేదా?

"ఎల్లన్నా, జెర జల్దీ తాడెయ్యి!" అని అరిచాను.

"నువ్వు నింపిందే గదరా, గంత భయమెందుకు?"

"నేనే నింపిన గదన్నా, గందుకే భయం!"

పడవ మునగలేదు. నీళ్లు మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయి. అనుమానం మాత్రం పోలేదు. నేరుగా షెడ్డుకొచ్చి, రేపు లారీ ఎక్కాల్సిన మూడు పడవలనూ వేళ్లతో తట్టి చూశాను. మూడోదాని ముందు మూల బోలుగా మోగింది. ఎల్లన్నను పిలిచి చూపించాను. ఆయన సుద్దముక్క తీసుకుని దాని మీద పెద్ద ఇంటు మార్కు కొట్టాడు.

నిజం చెప్పండి, మీరు చేసిన పనిలో మిమ్మల్నే కూర్చోబెట్టి బిరడా పీకమంటే, మీలో ఎంతమంది పీకుతారు?