వాల్ట్ సారు కోసం

మా కనకరత్నం అత్త రంగూన్ సంచౌంగ్ పేటలో ఒక జర్మనీ దొరసాని ఇంట్లో వంట చేసేది. అత్తకు మొగుడు పోయాడు, పిల్లల్లేరు. దొరసానికీ ఎవరూ లేరు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది, అయినా ఇద్దరికీ బాగా పడింది. సాయంత్రమైతే దొరసాని గ్రామఫోను పెట్టుకుని, చేతులు గాల్లోకి చాచి హాలంతా గిరగిరా తిరిగేది. అత్త గుమ్మంలో కూచుని ఉల్లిపాయలు వలుస్తూ చూసేది.

ఎనభై ఎనిమిదిలో రంగూన్ అట్టుడికిపోయింది. ఊరేగింపులు, కాల్పులు, ఆపైన కర్ఫ్యూ. తెల్లవాళ్లను విమానాలెక్కించి పంపేస్తున్నారు. వీధిలో కారు హారన్ మోగుతుంటే, దొరసాని ఒక రికార్డు తెచ్చి అత్త చేతిలో పెట్టి "వాల్ట్‌సర్, వాల్ట్‌సర్" అంది. వచ్చీరాని బర్మాలో జాగ్రత్తగా ఉంచమనీ, తర్వాత రావడం ఉందనీ చెప్పింది. బర్మా మాటలో ఎవరు వస్తారో విడిగా చెప్పక్కర్లేదు కదా! వాల్ట్ అనే సారొకాయన వస్తాడని అత్త అనుకుంది.

కాల్పుల సంగతి విని అత్త తమ్ముడు, మా నాన్న భీమరాజు, ఏటి అవతల తన్లిన్ నుంచి పడవెక్కి వెళ్లాడు.

"అప్పా, మూట కట్టు. ఒక్కత్తివీ ఇక్కడేటి సేస్తావు?"

"వాల్ట్ సారు రావాలిరా. ఆయన సొమ్ము నా కాడుంది."

"ఏ సారు? ఎప్పుడైనా సూసినావా?"

"సూడకపోతే ఏటి? పెద్దోళ్లు నీకు సెప్పి వస్తారేటి?"

రికార్డు చూసి, ఆ మాట విని, నాన్న పడీపడీ నవ్వాడు.

"సారూ లేడు, గీరూ లేడు! మా మిల్లుకొచ్చిన జర్మనీవోడు రోలరుని వాల్ట్‌సె అనీవోడు. దొర్లడం, తిరగడం. దాన్లోంచే వాల్ట్‌సర్. అది డాన్సు పేరే తల్లీ! ఆడా మగా పట్టుకుని గుండ్రంగా తిరుగుతారు."

అత్త నవ్వలేదు. "ఇద్దరా?"

"ఇద్దరే."

"ఆవిడ ఒక్కత్తే తిరిగీదిరా, బీమా."

నాన్న గుమ్మం వైపు తిరిగాడు. "సరే, సారు లేడని తేలింది కదా. నడు, పడవ దాటిపోద్ది."

"అయితే వస్తానన్నది ఆవిడే. వచ్చీసరికి ఇంట్లో మనిషి నేకపోతే ఎలాగరా?"

తిట్టాడు, బతిమాలాడు. చివరికి ఒక్కడే వచ్చేశాడు.

దొరసాని రాలేదు. మరుసటి వానాకాలం ఇల్లుగలాయన వేరేవాళ్లకు అద్దెకిచ్చేదాకా అత్త అక్కడే ఉంది. సాయంత్రాలు ఆ ఇంట్లో మాటలు వినబడేవట. ఎవరొచ్చారా అని పక్కింటి బర్మా ఆవిడ తొంగి చూస్తే, గుమ్మంలో కూచుని హాల్లోకి చూస్తూ మాట్లాడుతూ అత్త ఒక్కతే కనబడేదట.