చూస్తేనే తిన్నట్టు

నొలారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. బడి భోజనాల మీద ఓ కన్నేసి ఉంచమని ఊరు ఆమెను ఎన్నుకున్నదే అందుకు. బస్తా తడిస్తే లారీ డ్రైవర్‌ని కడిగేస్తుంది, గింజ ఉడక్కపోతే వంటవాణ్ణి, మధ్యలో నోరు తెరిస్తే పంతుల్ని, అంటే నన్ను.

ఆమె తొంగి చూడని చోటు ఒక్కటే, బడి వెనక ముళ్ళకంప దడి. దాని అవతల ముసలి లెకూపే విడిగా మొక్కజొన్నలూ చిక్కుడుగింజలూ ఉడికించి పెద్ద కుర్రాళ్ళకు పెడతాడు. సున్తీ జరిగి మొరాన్లు, అంటే యువయోధులు, అయిన మా సాంబురు తెగ కుర్రాళ్ళు పెళ్ళయిన ఆడదాని కంటపడ్డ తిండి ముట్టరు. కన్నతల్లి చూసినా అంతే. నొలారి కొడుకు లెతోయె కూడా వాళ్ళలో ఒకడు. మొరాన్ అయిన నాటి నుంచి వాడు తింటుండగా ఆమె చూడలేదు. కుండ తిరిగొచ్చాక అడుగున వేలు పెట్టి చూసుకుంటుంది. నాకినట్టు ఖాళీగా ఉంటే ఆ పూట ఆమెతో మాట్లాడొచ్చు.

ఆ ఏడు కరువు. పశువుల్ని దూరపు కొండలకు తోలేశారు, ఇళ్ళల్లో పాలు లేవు. పెద్ద కుర్రాళ్ళు బడిలో నిలిచింది ఆ కుండ వల్లే. అది ఆగితే పశువుల వెంట పోతారు, చదువు అక్కడితో సరి.

అలాంటప్పుడు పట్నం నుంచి భోజనాల తనిఖీకి ఒక మేడం దిగింది. చిన్నపిల్లల పళ్ళేలన్నీ చూసి, "పెద్దవాళ్ళేరీ?" అంది.

"దడి వెనక తింటున్నారమ్మా," అంది నొలారి. "నువ్వు చూడకూడదు. మీ డ్రైవర్ని పంపు, చూసొస్తాడు."

"డ్రైవర్ చెప్తే నేను నమ్మాలా? నా కళ్ళతో చూస్తేనే తిన్నట్టు. ఆ బస్తాలు ఎవరింటికి పోతున్నాయో నాకేం తెలుసు?"

"మమ్మల్ని దొంగలంటున్నావా? నువ్వు చూస్తే పారబోస్తారు. నీకు మొగుడున్నాడా?"

"ఉంటే?"

"అయితే పారబోస్తారు."

మేడం నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నవ్వుతూనే వెళ్ళి కంప లాగేసింది. ఆపడానికి నొలారి వెనకే పరిగెత్తింది. కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. ముందు లెతోయె పళ్ళెం వంచాడు, తర్వాత అందరూ. కుక్కలొచ్చాయి.

"చూశారా? తినకపోగా పారబోస్తున్నారు," అంది మేడం. "వచ్చే టర్ము నుంచి వీళ్ళకు రేషన్ అక్కర్లేదు."

హెడ్మాస్టర్ నీళ్ళు నమిలి, ఆమెను భోజనానికి తీసుకెళ్ళాడు. మేక మాంసం, మొక్కజొన్న ముద్ద. మేడం పళ్ళెం ముందు కూర్చోగానే నొలారి వచ్చి ఎదురుగా చతికిలబడింది.

"ఏంటమ్మా?"

"చూస్తున్నా. నా కళ్ళతో చూస్తేనే కదా నువ్వు తిన్నట్టు. కానివ్వు."

మేడం ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నొలారి ముందుకు వంగింది. "నమలమ్మా. మింగావా? నోరు తెరువు, చూడనీ."

"నొలారీ, పో అవతలికి!" అని కసిరాడు హెడ్మాస్టర్.

"నువ్వూరుకో. తిండి చూసే పని ఊరు నాకిచ్చింది."

మేడం మొహం కందగడ్డ చేసుకుని పళ్ళెం తోసేసింది.

"చూశావా పంతులూ?" అంది నొలారి నా వైపు తిరిగి. "ఈవిడ తినట్లేదు. ఈవిడకు రేషన్ అక్కర్లేదు."

మేడం లేచి వెళ్ళి జీపెక్కింది. సిగ్గేసిందో, భయమేసిందో, వచ్చే టర్ముకు బస్తాలు తగ్గలేదు. తనిఖీకి ఈసారి ఒక మగమనిషి వచ్చాడు. దడి అవతల కుర్రాళ్ళతో కూర్చుని తిని, చెయ్యి కడుక్కుని పోయాడు. అంతే పని. ఇంత చిన్న పనికి ఆ రోజు అంత తిండి కుక్కల పాలు చేశారు.

అప్పటికి లెతోయె బడిలో లేడు. పళ్ళెం వంచిన సాయంత్రమే ఈటె పట్టుకుని పశువుల దారి పట్టాడు.

తనిఖీకి వచ్చినాయన వెళ్ళాక నొలారి ఎప్పటిలాగే కుండ అడుగున వేలు పెట్టి చూసింది. శుభ్రంగా ఉంది.

"గెలిచావు పో, నొలారీ," అన్నాను.

నా మీద విరుచుకుపడింది. "ఏం గెలిచాను? ఇన్నేళ్ళకి నా కొడుకు పళ్ళెం పట్టుకోగా చూశాను పంతులూ. పారబోస్తుంటే చూశాను."