ఖాళీ అర ఫోటో

మా హాంకాక్ ఊళ్ళో లైల్ కోస్కెలాను ఎరగనివాళ్ళు లేరు. చలికాలమంతా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేది అతనే. మీ వీధి శుభ్రంగా ఉంటే లైల్ పుణ్యం. మీ వాకిలికి అడ్డంగా మంచుగుట్ట పడితే అదీ లైల్ పుణ్యమే. యాభై దాటినా పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే తీరిక దొరకలేదనేవాడు. ఆ తీరికంతా ఎక్కడికి పోయిందో నాకు బాగా తెలుసు.

టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ కన్సోల్స్ ఉన్నాయే, వాటిలో దేనివి మొత్తం మీద ఎన్ని కోట్ల పెట్టెలు అమ్ముడుపోతాయో ముందే చెప్పడం అతని పిచ్చి. ఆడటం మీద అంత మోజు లేదు, జోస్యం మీదే! కంపెనీవాళ్ళు సరుకు ఇంకా బజారుకైనా తేకముందే, చివరి పెట్టె అమ్ముడుపోయేదాకా లెక్క చెప్పేసేవాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఇంటర్నెట్‌లో ఒక రచ్చబండ ఉంది. లైల్ పదిహేనేళ్ళుగా అక్కడే కాపురం. ఎక్కడో దూరాన టల్సా ఊళ్ళో ఉండే ఓడెల్ అనే అతనితో రోజూ కొట్లాట. ఒకరి గొంతు ఒకరు వినలేదు, మొహం చూసుకోలేదు. కానీ ఓడెల్‌కి పన్ను నొప్పిగా ఉందనీ, పీకించుకోవడానికి భయపడుతున్నాడనీ మా ఊళ్ళో నాకు కూడా తెలుసు. రోజంతా మంచులో ఒంటరిగా బండి నడిపే మనిషికి, తిట్టేవాడు ఒకడుండటం కూడా తోడే.

అక్కడ ఒక ఆచారం ఉంది. లెక్క తప్పినవాడు, గెలిచినవాడు ఎంచిన బొమ్మను నెల రోజులు తన పేరు పక్కన పెట్టుకోవాలి. ఒకసారి లైల్ గులాబీ గౌను తొడిగిన పందిపిల్ల బొమ్మతో తిరిగాడు. ఆ నెలంతా నా దగ్గర ఒకటే గొణుగుడు, ఒకటే నవ్వు.

నాకు క్విన్సీ వీధిలో ఆటల దుకాణం ఉంది. పిల్లలంతా ఇంట్లో కూర్చునే కొనేసుకుంటున్నారు, ఇక మూసేద్దామా అని అప్పటికే అందరితో అంటున్నాను. లైల్ మాత్రం ప్రతి శనివారం మాంసం, దుంపలు కూరిన వేడివేడి పాస్టీ ఒకటి కాగితంలో చుట్టించుకొని వచ్చి, కౌంటర్ దగ్గర నిలబడి తింటూ లోకంలోని కన్సోళ్ళన్నిటి జాతకాలు చెప్పి పోయేవాడు.

ఆ ఏడు తగువంతా ఓరియన్ అనే కన్సోల్ గురించి. దాని పోటీదారు కెస్ట్రెల్ సరిగ్గా ఎనిమిది కోట్ల దగ్గర ఆగిపోయింది. ఓరియన్ తయారీ కూడా ఆపేస్తున్నారు, ఏప్రిల్లో చివరి లెక్క చెబుతారు. ఎనిమిది కోట్లు దాటుతుందని లైల్, దాటదని ఓడెల్.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఫోన్ ఊపుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"చూడు మార్లిస్! వంతెన అవతల పెద్ద స్టోర్లో తీశాను. ఓరియన్ పెట్టే అర చూడు. ఒక్కటి మిగల్లేదు! జనం ఎగబడి కొనేశారు."

నిజమే, అర ఖాళీగా ఉంది. ఆ ఫోటో అప్పటికే వాళ్ళ రచ్చబండలో పెట్టేశాడట. "ఖాళీ చెక్కలు చూపించి ఎవర్ని బెదిరిస్తావు ముసలోడా" అన్నాడట ఓడెల్. దాంతో ఇతనికి ఒళ్ళు మండింది. ఓరియన్ ఎనిమిది కోట్లు దాటకపోతే ఆ రచ్చబండలో మళ్ళీ అడుగు పెట్టనని అందరి ముందూ రాసేశాడు. దాటితే తానే పోతానని ఓడెల్ రాశాడు.

ఆ ఫోటో మళ్ళీ ఒకసారి చూసి అడిగాను.

"అర ఎందుకు ఖాళీ అయిందో అక్కడ ఎవర్నైనా అడిగావా?"

"అడిగేదేముంది? కళ్ళకి కనబడట్లా?"

"అమ్ముడుపోయి కాదయ్యా. కొత్త కన్సోల్ వస్తోంది, చోటు చెయ్యమని వాళ్ళ పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. నా మేనకోడలు అక్కడే పనిచేస్తుంది. ఆ పెట్టెలన్నీ తీసి వెనక గదిలో పేర్చింది అదే. నడుం పట్టేసిందని నాలుగు రోజులు మూలిగింది."

లైల్ నములుతున్నవాడు ఆగిపోయాడు. మిగిలిన పాస్టీ కాగితంలో చుట్టేశాడు.

"పొరపాటయిందని చెప్పి వెనక్కి తీసుకో" అన్నాను.

"అన్నాక అన్నదే. మాట వెనక్కి తీసుకుంటే రేపట్నుంచి నా లెక్కని ఎవడు నమ్ముతాడు?"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. చూస్తూ చూస్తూ తన గోతిలో తానే పడ్డాడు. నాకు జాలి కన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

అప్పట్నుంచి కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. శనివారమేంటి, బండి బయట ఆపి రోజూ తొంగి చూసేవాడు. "ఈరోజు ఓరియన్ ఏమైనా పోయిందా?" లేదంటే టోపీ తీసి నలుపుకునేవాడు. ఎక్కడో దూరాన ఉన్న గ్రీన్ బే దుకాణాలకు కూడా ఫోన్లు చేసి విసిగించాడు. మా వీధి మంచు రెండుసార్లు తోసి పక్క వీధి మరచిపోయాడు. అక్కడుండే, పోస్టాఫీసులో పనిచేసే డోరిస్ మోకాళ్ళ దాకా దిగబడి వచ్చి, నా దుకాణంలో నిలబడి అతన్ని తిట్టిపోసింది.

ఆ బెంగ నాకూ అంటుకుంది. మనవడి కోసం పేకముక్కలు కొందామని వచ్చిన ముసలమ్మకు ఓరియన్ అంటగట్టబోయాను. నా ఒక్క పెట్టెతో కోట్లు కదులుతాయా? కదలవని తెలుసు. అయినా అంటగట్టబోయాను.

ఒకరోజు అడగకుండానే అన్నాడు, "వాళ్ళు లేకపోతే నేనెవరితో మాట్లాడాలి మార్లిస్?" నేను తుడిచిన కౌంటరే మళ్ళీ తుడిచాను.

లెక్క వచ్చే రోజు పొద్దున్నే, బూట్ల మంచు కూడా దులపకుండా లోపలికి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"నువ్వే చూడు. నేను చూడను."

చూశాను. అబద్ధం చెప్పాలనిపించింది. చెబితే మాత్రం ఎంతసేపు నిలుస్తుంది?

"ఏడు కోట్ల తొంభై నాలుగు లక్షలు."

తలూపాడు. ఫోన్ తీసుకొని అక్కడే నిలబడి చదివాడు. వెళ్ళొద్దని అందరూ రాస్తున్నారు. అందరికన్నా ముందు ఓడెల్ రాశాడు, "పందెం లేదు గిందెం లేదు, కూర్చో ముసలోడా" అని.

"గెలిచినవాడే వద్దంటుంటే నీకేంటయ్యా?" అని అరిచాను.

"ఇవాళ నేనుండిపోతే రేపు తప్పినవాడూ ఉండిపోతాడు. ఇక అక్కడ లెక్క చెప్పడం దేనికి?"

ఒంటి వేలితో చివరి మాట రాశాడు: "ఓడెల్, ఆ పన్ను పీకించుకో." రచ్చబండలోంచి తన పేరు తానే తీసేసుకొని బయటికి నడిచాడు. ఆ మొండితనానికి చెంప పగలగొట్టాలనిపించింది, ఏడుపూ వచ్చింది.

తర్వాత రెండు శనివారాలు రాలేదు. మూడో వారం వచ్చాడు, చేతిలో పాస్టీ లేదు. గోడ మీద కొత్త కన్సోల్ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది పది కోట్లు పోతుంది" అన్నాడు గోడతో.

గోడ ఏమంటుంది? ఎవరో కాదనాలన్నట్టు చుట్టూ చూశాడు. ఆ చూపు నేను భరించలేకపోయాను. ఆ కన్సోల్ గురించి నాకు ధర తప్ప ఏమీ తెలియదు.

"ఆరు కూడా దాటదు" అన్నాను.

గిర్రున తిరిగాడు. "నీకేం తెలుసని?"

"అమ్మేది నేనా నువ్వా? మంచు తోసుకునేవాడివి, నీకేం తెలుసు?"

"ఆరా! మతి ఉండే అంటున్నావా?" మొహంలోకి రక్తం వచ్చింది. "పందెమా?"

"పందెమే. కానీ ఇది తేలేసరికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది లైల్. నాకు డెబ్బై దాటుతాయి."

"దాటనీ."

"ఓడితే ఏంటి మరి?"

టోపీ తీసి, నలిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నువ్వు ఓడితే దుకాణం మూయకూడదు. నేను ఓడితే రావడం మానకూడదు."