రాయించని దెబ్బలు

నేను పెళ్ళై బిలాస్‌పూర్ వచ్చేసరికి యుద్ధం నడుస్తోంది. మా ఆయన రైల్వేలో మంటలార్పే గాంగులో పనిచేసేవాడు. రైల్వేలో ఫైర్‌మన్ అంటే ఇంజనులో బొగ్గు వేసేవాడు. అందుకని వీళ్ళను వేరుగా చెప్పడానికి కాలనీలో అగ్గిగాంగు అనేవారు. ఇంజన్ల షెడ్డు పక్కన రేకుల కొట్టంలో చేతులతో కొట్టే పంపు, కాన్వాసు గొట్టాలు, ఎర్రరంగు బాల్చీలు ఉండేవి. ఎండలు ముదిరితే ఇంజన్ల నిప్పురవ్వలు పడి ఎక్కడో ఒకచోట అంటుకునేది. ఒకరోజు ఎండుగడ్డి, ఇంకోరోజు దూదిబేళ్ళ వ్యాగను. షెడ్డు భోంపు ఆగి ఆగి మోగితే అది డ్యూటీ మారే కూత కాదని, ఎక్కడో అంటుకుందని ఆడవాళ్ళందరికీ తెలుసు. పొయ్యి మీద కూర మాడుతున్నా దించే ధ్యాస ఉండేది కాదు.

డ్యూటీలో దెబ్బ తగిలితే అప్పుడే గాంగు పెద్ద జమేదారుకు చెప్పాలి. జమేదారు ఫోర్‌మన్‌కు చెప్తే, ఫోర్‌మన్ చీటీ ఇస్తాడు. ఆ చీటీ చూసి రైల్వే ఆసుపత్రిలో కట్టు కట్టి, ఎక్కడ ఎలా తగిలిందో రాసుకుంటారు. అది రూలు. మా గాంగులో ఆ రూలు ఎవరూ పాటించరని నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే తెలిసింది. ఒక మధ్యాహ్నం మా ఆయన దొడ్డితలుపు తోసుకుని ఒక మనిషిని లోపలికి తెచ్చాడు. అతని ముంజేతి మీద చర్మం తడిసిన కాగితంలా ఊడి వేలాడుతోంది.

"ఓలమ్మ! ఆసుపత్రికి తీసుకెల్లకుండా ఇంటికి తెచ్చినావేటి మావా?" అన్నాను.

"అరవకు. అక్కడికెల్తే పేరు రాసీస్తారు. పేరు రాస్తే డాక్టరు సూస్తాడు. సూస్తే అన్‌ఫిట్ అంటాడు. అన్‌ఫిట్ అయితే క్వార్టర్ కాళీ చెయ్యాల. తెల్సిందా?"

ఆ మనిషి పళ్ళు బిగించి నేల మీద కూర్చున్నాడు. కేక వేస్తే పక్క క్వార్టర్‌కి వినిపిస్తుందని కాబోలు, నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. ఆ వెనకే జమేదారు వచ్చాడు. ఆయనది మా పాలకొండ వైపే. గాంగులో సగం మందిని ఊళ్ళ నుంచి పిలిపించి పనిలో పెట్టించింది ఆయనే. అందరూ బాబాయి అనే పిలిచేవారు. ఆయనే నాకు మందు చేయడం నేర్పాడు. సున్నపుతేటలో అవిసెనూనె పోసి చిక్కటి మజ్జిగలా అయ్యేదాకా గిలకొట్టాలి. మెత్తటి పాతగుడ్డను అందులో ముంచి కాలినచోట పరచాలి. గుడ్డ ఆరిపోకుండా మళ్ళీ మళ్ళీ తడపాలి.

అప్పటినుంచి మా దొడ్డి అగ్గిగాంగు ఆసుపత్రి అయింది. సదర్ బజార్‌లో నూనె కొట్టువాడు "ఇత్నా అల్సీ తేల్ ఏం చేస్తావు బాయీ" అని అడిగేవాడు. అవిసెనూనె కీళ్ళనొప్పులకని చెప్పేదాన్ని.

బాబాయిని కఠినుడని అనుకోకండి. ఒకప్పుడు ఆయన గాంగులో ఒకతనికి పొగ పీల్చి ఊపిరి ఆడకపోతే బాబాయే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి నడిపించాడట. దెబ్బ రాయించాడట. కొన్నాళ్ళకే ఆ మనిషికి ఛాతీ పనికిరాదని చెప్పి ఉద్యోగం తీసేశారు. క్వార్టర్‌కు తాళం పడింది. పెళ్ళాం, పిల్లలు గిన్నెలూ చాపలూ మూటగట్టుకుని ప్లాట్‌ఫారం మీద ప్యాసింజరు కోసం కూర్చుంటే బాబాయి వాళ్ళకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆ తరువాత ఆయన చేత్తో ఒక్క దెబ్బ కూడా రాయించలేదు.

ఆయన సంగతి నాకు మొదట అనుమానం వచ్చింది ఒక మజ్జిగ గ్లాసు దగ్గర. ఎడమవైపు నిలబడి గ్లాసు అందిస్తే ఆయన తీసుకోలేదు. "బాబాయ్, మజ్జిగ" అంటే తల పూర్తిగా నావైపు తిప్పి, అప్పుడు నవ్వి అందుకున్నాడు. ఇంకోరోజు వెళ్తూ వెళ్తూ ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుని, ఎవరైనా చూశారా అన్నట్టు ఆగాడు. మరోసారి ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే నేను కావాలనే చప్పుడు చేయకుండా ఎడమ పక్కకు వెళ్ళి నిలబడ్డాను. ఈగను తోలినట్టు గాలిలో చెయ్యి ఊపాను. ఆయన రెప్ప కూడా కదల్లేదు. ముందుకు చూస్తూ తనలో తను ఏదో గొణుక్కుంటున్నాడు. ఆ కంటికి చూపు లేదని అప్పుడు తేలింది.

మా ఆయనతో చెప్పాను. వింటే ఆశ్చర్యపోతాడనుకున్నాను. అన్నం కలుపుకుంటూనే అన్నాడు:

"తెల్సు. అందరికీ తెల్సు. నూనె గుదాములో నిప్పంటుకున్నప్పుడు ఆ కంట్లో రవ్వ పడింది."

"తెలిసి ఆయన వెనకాల మంటల్లోకెల్తన్నారేటి?"

"ఆయన ఎడం పక్కని ఎవుడో ఒకడం నిలబడతాం. అటువైపు ఏటున్నాదో సెప్తాం. సరిపోద్ది."

"ఎవుడూ లేనప్పుడో?"

మా ఆయన పళ్ళెం పక్కకు తోశాడు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

నేను ఊరుకోలేకపోయాను. బాబాయి క్వార్టర్‌కు వెళ్ళాను. ఆయన భార్యకు పక్షవాతం. మంచం మీద నుంచి లేవలేదు. మాట కూడా సగమే వచ్చేది. రైల్వే డాక్టరు వచ్చి చూసేవాడు, మందులు ఆసుపత్రి నుంచి వచ్చేవి. బాబాయి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని చెంచాతో జావ తాగిస్తున్నాడు. జావ ఎడమవైపు ఒలికితే ఆయనకు కనపడలేదు. నేను తుడిచాను.

"కంటి సంగతి డాక్టరుకి సెప్పండి బాబాయ్. మీ కోసమే కాదు. మీ వెనకాల పదిమంది ఎల్తన్నారు."

ఆయన చెంచా గిన్నెలో పెట్టాడు.

"ఈవిడిని ఊరు తీసుకెల్తే అక్కడ మందెవుడిస్తాడమ్మా?" అన్నాడు. "ఈ ఎండలు దాటనీ. వానలు పడితే మంటలుండవు. అప్పుడు నానే ఎల్లి సెప్పీసుకుంటాను. అందాకా ఒగ్గీ."

ఆయన భార్య కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. ఆ కళ్ళ ముందు ఇంకో మాట అనడం నా వల్ల కాలేదు.

ఆ ఏడు ఎండలు తగ్గనే లేదు. వేడిగాలికి తలుపులు మూసుకుని కూర్చుంటే ఇల్లు బట్టీలా కాగేది. చకర్‌భాటా విమానాల మైదానం వైపు వెళ్ళే యుద్ధవిమానాల మోత విన్నా నాకు భోంపులాగే అనిపించేది. రోజూ సాయంత్రం మా ఆయన గుమ్మంలో కనపడగానే తల నుంచి కాళ్ళ దాకా చూసుకునేదాన్ని. ఆయనకు చిరాకు.

"ఏటలగ శవాన్ని సూసినట్టు సూస్తావు?" అనేవాడు.

సిర్గిట్టి వైపు లైను పక్కన స్లీపర్ల డిపో ఉండేది. పట్టాల కింద వేసే సాలు కర్ర దుంగలకు తారునూనె పట్టించి, ఇల్లంత ఎత్తున దొంతులు పేర్చేవారు. ఎండకు ఆ తారు కరిగి కారుతుంటే వాసన మా క్వార్టర్లదాకా వచ్చేది. ఒకనాడు భోజనాలవేళ భోంపు మొదలైంది. బయటికి వచ్చి చూస్తే సిర్గిట్టి వైపు ఆకాశం మీద నల్లటి పొగ కొండలా లేచి ఉంది.

ఆడవాళ్ళందరం లైను కంచె దాకా పరిగెత్తాం. అక్కడినుంచి డిపో బాగా కనిపించేది. దొంతుల మధ్య సందుల్లో మంట పాకుతోంది. బాబాయి ఇత్తడి టోపీ పొగలో మెరుస్తూ, మాయమవుతూ ఉంది. నేను ముందు ఆయన ఎడమ పక్కకు చూశాను. అక్కడ ఎవరూ లేరు.

తరువాత తెలిసింది ఏమిటంటే, ఆ రోజు ఇద్దరు జ్వరాలతో రాలేదు. పంపు కొట్టడానికే మనుషులు చాల్లేదు. గొట్టం మూతి పట్టుకుని సందులోకి వెళ్ళడానికి మా ఆయనే మిగిలాడు. రోజూ బాబాయి పక్కన నిలబడేది కూడా ఆయనే.

బాబాయి కుడివైపు మంట చూస్తూ చెయ్యి ఊపాడు, ముందుకు పొమ్మని. మా ఆయన ముందుకు వెళ్ళాడు. ఎడమవైపు దొంతి అడుగున కాలిపోయి మెల్లగా ఒరుగుతోంది. కంచె దగ్గరున్న మాకందరికీ కనిపిస్తోంది. గొంతు చించుకుని అరిచాం. బాబాయి ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. దొంతి ఒక్కసారిగా కూలింది. నిప్పురవ్వలు పైకి లేచాయి. గొట్టం పాములా మెలికలు తిరిగి, నీళ్ళు ఆకాశంలోకి చిమ్మింది.

మా ఆయనను బయటికి లాగింది కూడా బాబాయే. దుంగలను వట్టి చేతులతో తోశాడట. ఆసుపత్రిలో చూసేసరికి మా ఆయన కాలు మోకాలి కింద విరిగి ఉంది, వీపు కాలి ఉంది. ప్రాణం ఉంది. నన్ను గుర్తుపట్టి, "ఏడవకే" అన్నాడు. దాహం దాహం అని రాత్రంతా అరిచాడు.

మర్నాడు పొద్దున్నే ఫోర్‌మన్ సాహెబు వచ్చి డాక్టరుతో మాట్లాడి వెళ్ళాడు. ఆయన వెంట వచ్చిన గుమాస్తా మన విజయనగరం వాడు. వరండాలో నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పాడు: "సొంత అజాగ్రత్త అని రాస్తన్నారమ్మా. జమేదారు మాట వినకుండా తనే ముందుకెల్లినాడని. సాయంత్రం సంతకమైపోద్ది."

అలా రాస్తే కుంటికాలి మనిషికి రైల్వే వేరే పని ఇవ్వదు. మేమూ ప్లాట్‌ఫారం మీద మూటలతో కూర్చోవలసిందే. నేను మంచం దగ్గరికి వెళ్ళాను.

"ఉన్నది ఉన్నట్టు సెప్పు మావా. బాబాయి కన్ను కనపడదని సెప్పు."

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "నా నోటంట రాదు."

"అయితే నాను సెప్తాను."

ఆయన వద్దనలేదు. సాయంత్రం ఫోర్‌మన్ మళ్ళీ వచ్చినప్పుడు చూడ్డానికి వచ్చిన గాంగు ఆడవాళ్ళ ముందే నేను కొంగు సర్దుకుని వరండాలోకి నడిచాను. అక్కడ అప్పటికే బాబాయి నిలబడి ఉన్నాడు. రెండు చేతులకూ కట్లు. ఇత్తడి టోపీ చంకలో ఉంది.

"సాబ్, ఆ కుర్రాడి తప్పు కాదు," అన్నాడు హిందీలో. "వెళ్ళమన్నది నేను. నాకు ఎడమ కన్ను కనపడదు."

ఫోర్‌మన్‌కు అర్థం కాలేదు. తరువాత చెయ్యి ఎత్తి, బాబాయి మొహానికి ఎడమ పక్కగా వేళ్ళు చాపి ఎన్నని అడిగాడు.

"కిత్నీ ఉంగ్లీ?"

"హాథ్ హీ నహీఁ దిఖ్తా, సాబ్."

వేళ్ళు కాదు, చెయ్యే కనపడటం లేదన్నాడు. ఫోర్‌మన్ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఎప్పటినుంచి అని అడిగాడు. నూనె గుదాము కాలినప్పటినుంచి అన్నాడు బాబాయి. ఎందుకు రాయించలేదంటే తల దించుకున్నాడు. ఫోర్‌మన్ గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న వేశాడు.

"ఔర్ కిస్‌కిస్‌నే ఛుపాయా హై?"

ఇంకా ఎవరెవరు దాచారు? బాబాయి ఎవరి పేరూ చెప్పలేదు. కానీ ఆ ప్రశ్న వినగానే మా దొడ్డిలో నేను కట్టిన కట్లన్నీ గుర్తొచ్చాయి.

మరునాడు గాంగు మొత్తాన్ని ఆసుపత్రికి రప్పించి చొక్కాలు విప్పించారు. మా ఆయన మంచం పక్కనుంచి చూస్తున్నాను. ఆ వీపులు, చేతులు, మెడలు, వాటి మీద మచ్చలన్నీ నాకు తెలుసు. ఏది ఏ మంటలో తగిలిందో, ఎవరు ఎంతసేపు మూలిగారో తెలుసు. డాక్టరు ఒకతన్ని పిడికిలి బిగించమన్నాడు. కాలిన వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుని మానడం వల్ల అతను బిగించలేకపోయాడు. కట్టు ఎవరు కట్టారని అడిగితే "ఇంట్లో" అన్నాడు. ఎవరూ నా పేరు చెప్పలేదు. పోతూ పోతూ ఎవరూ నావైపు చూడనూ లేదు.

మా ఆయన కాగితంలో సొంత అజాగ్రత్త అన్న మాట తీసేశారు. కాలి ఎముక అతుక్కున్నాక దీపాల గదిలో పని ఇచ్చారు. సిగ్నల్ దీపాలు తుడిచి నూనె పోసే పని. మా క్వార్టర్ మాకే ఉంది. బాబాయి ఉద్యోగం పోయింది, గాంగులో ఇంకో ముగ్గురు అన్‌ఫిట్ అయ్యారు. కుళాయి దగ్గర నేను బిందె పెడితే మిగతావాళ్ళు బిందెలు తీసుకుని లేచిపోయేవారు. వేళ్ళు అతుక్కున్నతని భార్య ఒకరోజు నా మొహం మీదే అంది:

"నీ మొగుడి కాలు కోసం మా నోటికాడి కూడు తీసీసినావు."

"సెప్పింది నాను కాదప్పా."

"సెప్పడానికి నువ్వు నడిసెల్లడం సూడలేదేటి?"

నేను బిందె నింపుకోకుండానే వచ్చేశాను.

బాబాయి భార్యను మంచంతో సహా రైలెక్కించారు. డాక్టరు దారికని కొన్ని మందులు కట్టి ఇచ్చాడు. అవి అయిపోయాక ఆమె ఎక్కువ కాలం బతకలేదని మాకు కబురు వచ్చింది.

చాలా ఏళ్ళకు పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆయనను చూడటానికి వెళ్ళాను. తమ్ముడి కొడుకు ఇంట్లో ఉంటున్నాడు. రెండో కంటి చూపు కూడా మసకబారింది. నా గొంతు విని గుర్తుపట్టాడు. ఊరికే కుశలం అడిగి ఊరుకోలేదు. అన్‌ఫిట్ అయిన ముగ్గురి గురించీ వరసగా అడిగాడు. ఒకతను సిర్గిట్టిలో కాపలా పనిలో ఉన్నాడని, ఒకతను ఖరగ్‌పూర్ వెళ్ళాడని, వేళ్ళు అతుక్కున్నతను పోయాడని చెప్పాను.

"ఎలగ పోయినాడు?"

"తెలీదు బాబాయ్. వాళ్ళు మాతో మాటాడ్డం మానీసినారు."

ఆయన అరచేతులు మోకాళ్ళ మీద రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఆ అరచేతుల నిండా దుంగలు తోసినప్పటి మచ్చలు.

"మీరు ముందే కంటి సంగతి సెప్పుంటే..." అని ఆగిపోయాను.

"ముందే సెప్పుంటే మా ఆవిడ ముందే పోయేది," అన్నాడు. గొంతులో కోపం లేదు. "నీ మొగుడి కాలుండేది. నాను రెండూ లెక్కేసుకున్నానమ్మా. అప్పుడే లెక్కేసుకున్నాను."

లోపలినుంచి కోడలు భోజనానికి పిలిచింది. ఆయన గోడ పట్టుకుని లేచి, నేను ఏ వైపున ఉన్నానో తెలియక ఒక్క క్షణం ఆగి, వాకిట్లోకి నడిచాడు. అక్కడ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పెట్టి ఉన్నాయి.