మంచి పురుగుల అంబలి

పొట్టకు మేలు చేసే బ్యాక్టీరియాను ఇప్పుడు మందుల షాపులో పొట్లం కట్టి అమ్ముతాండారు. రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో మా అనంతపురం దిక్కు బ్యాక్టీరియా అంటే రోగమే. నేను అప్పుడే చదువు ముగించి, పులిసిన తిండ్లల్లోని మంచి బ్యాక్టీరియా మీద పరిశోధన చేసే ఒక సారు దగ్గర తాత్కాలికంగా చేరినా. (తాత్కాలికం అనే మాట మా నాయనకు చెప్పలేదు. ఆయనేమో కనపడినోళ్లకంతా "మా పాప సైంటిస్టప్పా" అని చెప్పుకుంటాండె.) "ఈ నెల మంచి నమూనా ఒక్కటన్నా తేకపోతే నీకు పొడిగింపు లేదమ్మా" అనేసినాడు సారు. తనకల్లు పక్క పల్లెకు బస్సెక్కినా. ఆడ ఒక అవ్వ అంబలికి చుట్టుపక్కలంతా పేరు.

బ్యాక్టీరియాను తెలుగులో ఏమనాలో తెలీక తికమకపడి, "అవ్వా, నీ అంబలిలో కంటికి కనపడని పురుగులుండాయి. మంచి పురుగులు. అవి నాకు కావల్ల" అంటి.

అవ్వ ముఖం మాడిపోయింది. "నా అంబలిలో పురుగులా? ఎవత్తె చెప్పింది నీకు?"

"మంచివే అవ్వా!"

"పురుగుల్లో మంచివేంది, చెడ్డవేంది? మతి చెడిందా పాపా?"

నేను విడమరిచేకొద్దీ గందరగోళం ఎక్కువైంది. మనందరి కడుపుల్లోనూ కోట్ల పురుగులుంటాయి అనేసరికి ఆయమ్మ నా పొట్ట దిక్కు జాలిగా చూసింది. కడాకు, "తెల్లార్తో రా, నీ సీసా నింపిపెడ్తా" అనింది. హమ్మయ్య, అర్థమైందిలే అనుకున్నా. (ఎవరికి ఏం అర్థమైందో ఆ దేవునికే తెలియాల.)

తెచ్చిన సీసాను పరీక్ష చేసి సారు తల గోక్కున్నాడు. "ఏందమ్మా ఇది? పులిసిన అంబలిలో ఒక్క బ్యాక్టీరియా లేకపోవడమేంది?" నాకూ ఏమీ అంతుపట్టలేదు. మళ్లీ బస్సెక్కినా.

పోయేసరికి అవ్వ ఇంటి ముందర వీధి ఆడోళ్లంతా చేరినారు. "ఏం తేలింది పాపా?" అనింది అవ్వ.

"ఒక్కటి గూడా లేదవ్వా" అన్నా ఏడుపుముఖంతో.

"ఇన్యారా అందరూ? ఒక్క పురుగు లేదంట! కుండను బూడిదేసి తోమి, అంబలిని పొయ్యి మీద మూడుతూర్లు తెర్లబెట్టి పంపిస్తి. ఉంటే యాడుంటాయి?" కొంగుతో కండ్లు తుడుచుకుని నా దిక్కు తిరిగింది. "నువ్వొచ్చి పోయినప్పట్నుంచి ఈ వీధిలో ఎవురూ నా ఇంట నోరు తడపలేదు పాపా."

ఆయమ్మ లోపలికి పోయి లోటా నిండా అంబలి తెచ్చింది. "ఇది మేము రోజూ తాగేదే, రాత్రిది. తాగు." పుల్లటి వాసన గుప్పుమనింది. నాకు కావాల్సిందంతా ఆ లోటాలోనే ఉండాది! సంచిలో ఖాళీ సీసా కూడా ఉండాది. దాన్ని బయటికి తీస్తినా, మళ్లీ ఏం అనుమానమని వీధంతా గుసగుసలు పోతాది. అందరూ నా నోటి దిక్కే చూస్తాండారు.

గటగటా తాగేసినా. ఆ వెంటనే ఒకామె, "నాకూ రవ్వంత పొయ్యత్తా" అని చెంబు చాపింది.

పొడిగింపు ఇంక రాదు, రాలేదు గూడా. నాయనకు ఏం చెప్పాల్నో తెలీక తిరుగు బస్సులో కిటికీ దిక్కు తిరిగి ఏడ్చినా. ఏడుస్తానే, పెదాలకంటిన పులుపును చప్పరిస్తా కూర్చున్నా. పిచ్చిమొద్దు! అప్పటి నన్ను, ఆ పిల్లను తల్చుకుంటే ఇప్పుడు నవ్వొస్తాది, దగ్గరకు తీసుకోవాలని గూడా అనిపిస్తాది.