అట్టిపెట్టిన తప్పు

అందరూ ఉచితంగా వాడుకునే అనువాద సాఫ్ట్‌వేర్‌కి ఆయనే పెద్ద దిక్కు. ఏటా వేసవిలో పని నేర్చుకోవడానికి వచ్చే విద్యార్థులకు ప్రాజెక్టులు సిద్ధంచేసేదీ ఆయనే. వాళ్ళకోసం, సాఫ్ట్‌వేర్‌లో తాను అరగంటలో సరిచేయగల తప్పులను కూడా ముట్టుకోకుండా అట్టిపెడతాడు. "అన్నీ మనమే చేసేస్తే పిల్లలకి చెయ్యెలా తిరుగుతుంది?" అంటాడు, చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటూ. పొడుగాటి కాగితాన్ని అనువదిస్తే చివరి వాక్యం జారిపోవడం, అలా అట్టిపెట్టిన తప్పే.

ఒకరోజు, నర్సుగా చేసే చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, మన భాష రాని ముసలాయనకి మందు కాగితం మీ దాంట్లోనే అనువాదం చేసిచ్చాం. కిడ్నీ జబ్బున్నవాళ్ళు వేసుకోకూడదన్న మాట ఆఖర్న ఉంది. అది రానేలేదు. పొద్దున పోయాడు."

ఆయన ఫోన్ పెట్టేశాడు. కళ్ళజోడు చాలాసేపు తుడిచాడు. ఆ తప్పు సరిచేయడానికి అరగంట కూడా పట్టలేదు. తర్వాత వంచిన తల ఎత్తకుండా, వేసవికి వచ్చే పిల్లలకోసం మరో తేలికైన తప్పు వెతకసాగాడు.