ఆకులమ్మ మలుపు

ఈ ఆదివారం తెల్లవారుతూ సైకిలు బయటికి తీయబోతే హ్యాండిలుకి లేత మామిడి మండ కట్టి ఉంది. అక్క పని. చీర కొంగు తల మీదికి లాక్కుని, గుమ్మంలో నిలబడి మంచు వైపు చూస్తూ, ఏమీ ఎరగనట్టే ఉంది. మండ మీద ఇంకా నీటి చుక్కలున్నాయి. చూడగానే నవ్వొచ్చింది. ఎందుకంటే ఒకప్పుడు అక్క ఆ మండ కట్టేది నా సైకిలుకి కాదు, మా బావ సైకిలుకి.

మా బావది గజపతినగరంలో బట్టల కొట్టు. చీరలు పరిచి చూపిస్తూనే ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేసే మనిషి. అలాంటివాడు గుండెకి స్టెంటు వేయించుకుని విశాఖ నుంచి వచ్చాక వేరే మనిషైపోయాడు. సంత రద్దీలో జేబు పట్టుకుని నడిచేవాళ్ళలా ఎప్పుడూ ఒక చెయ్యి ఛాతీ మీదే ఉంచుకునేవాడు. మేడ మెట్లు ఎక్కడం మానేశాడు. నవ్వు సగంలో ఆపేసి, లోపల ఏమన్నా చప్పుడవుతోందా అని వినేవాడు. "గుండె బాగయిపోనాదని డాక్టర్లు సెప్పీసారు. మనిషే ఇంకా ఆస్పత్రిలో ఉండిపోనాడు" అనేది అక్క. సైకిలు తొక్కమని డాక్టరు చెప్పాక, ఇద్దరికీ గేర్ల సైకిళ్ళు కొని, ఆదివారాలు ఆయన్ని కొండ దారి పట్టించింది నేను. అక్క వద్దనలేదు కానీ మేం తిరిగొచ్చేదాకా గుమ్మం వదిలేది కాదు.

ఊరికి పడమట జీడితోటలు దాటాక ఆ దారి మొదలవుతుంది. బస్సులు రావు. గొలుసు తిరిగే చప్పుడు, ఎక్కడో కనిపించని ఆవు మెడలో గంట, అంతే. సగం ఎక్కాక ఒక మలుపులో బండరాయి కింద ఆకుల కుప్ప ఉంటుంది. అదే ఆకులమ్మ. విగ్రహం లేదు, గుడి లేదు. పైకెళ్ళే వాళ్ళెవరైనా అక్కడ దిగి, ఒక పచ్చటి మండ వేసి వెళ్ళాలి. మోటారు సైకిళ్ళ కుర్రాళ్ళూ వేస్తారు, పసుపు కొమ్ముల కావిళ్ళ వాళ్ళూ వేస్తారు. ఆ తల్లి తెలిసే అక్కడ కూర్చుందని నా నమ్మకం. సరిగ్గా ఎవరికైనా ఊపిరి అందనిది అక్కడే. ఆయాసం అని ఎవరూ అనరు, అమ్మకి ఆకు వేస్తున్నామంటారు.

అక్క ఆ కొండ ఎన్నడూ ఎక్కలేదు. కానీ ఈ ఆచారం సంగతి విన్న దగ్గర్నుంచి పెరటి చెట్టు మండ ఒకటి తుంచి బావ హ్యాండిలుకి కట్టేది. నన్ను పక్కకి పిలిచి చెప్పింది. "మీ బావ భయమేస్తే సెప్పడ్రా. అడిగితే ఇంకా బిగుసుకుపోతాడు. అమ్మ ముందైతే దిగుతాడు, దిగి కాసేపు కూకుంటాడు. నువ్వు సూసుకో." ఆ చలికాలమంతా అలాగే జరిగింది. బావ దిగేవాడు, మండ వేసేవాడు, రాతి మీద కూర్చుని మణికట్టు పట్టుకుని నాడి చూసుకునేవాడు. ఆ పైన చాలా దూరం సైకిలు తోసుకుంటూ నడిచేవాళ్ళం.

మాఘమాసంలో ఒక ఆదివారం. జీడిపూత వాసన మంచులో కలిసిపోయి, దారంతా తియ్యగా మత్తుగా ఉంది. ముందు బావ, వెనక నేను. చక్రాలు వాటంతటవే తిరుగుతున్నట్టు, మేం కొండెక్కుతున్నామో కొండే మెల్లగా కిందికి దిగుతోందో తెలియనట్టు ఉంది. మలుపు వచ్చింది. బావ దిగలేదు. హ్యాండిలు మీద మండ ఊగుతూ అమ్మని దాటిపోయింది. పిలవబోయాను. అక్క మాట గుర్తొచ్చి నా గుండె దడదడలాడింది. కానీ పిలిస్తే ఆయనకి మళ్ళీ తన గుండె గుర్తొస్తుంది. పిలవలేదు. నేను దిగి, దారి పక్క మండ తుంచి వేసి, ఈ ఒక్కసారికీ చూసీచూడనట్టు వదిలెయ్ తల్లీ అని మొక్కి, మళ్ళీ ఎక్కి తొక్కాను.

పైన టీ పాక దగ్గర బావ నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా చెమట, మొహం వెలిగిపోతోంది. "ఒరే బామ్మర్దీ, అటు సూడు, మబ్బు మనకి కిందనున్నాది!" అన్నాడు. అప్పుడు హ్యాండిలు వైపు చూశాడు. మండ అలాగే ఉంది.

"నాను అమ్మకాడ ఆగలేదేట్రా?"

"ఆగలేదు బావా. మర్సిపోనావు."

అలవాటుగా చెయ్యి ఛాతీ దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ చేతిని కాసేపు చూసుకుని, తీసుకెళ్ళి వేడి టీ గ్లాసు పట్టుకున్నాడు. "మీ అక్కకి సెప్పకు" అన్నాడు. దిగొచ్చేటప్పుడు ఆ వాడిన మండనే అమ్మ ముందు వేసి, చాలాసేపు తల ఎత్తలేదు.

ఇంటికి రాగానే అక్క అడిగింది ఒక్కటే. "ఆకేసారా?" వేశామని ఇద్దరం ఒకేసారి అన్నాం. అబద్ధమేం కాదు కదా. బావ తువ్వాలు భుజాన వేసుకుని తిన్నగా మేడ మెట్లెక్కి, పైనుంచి టిఫిన్ ఏటని కేకేశాడు. అక్క వంటింటి గుమ్మంలోనే నిలబడి, మెట్ల మీద వినబడిన ఆ అడుగులకి కొంగుతో కళ్ళొత్తుకుంది. నాకూ ఏడుపొచ్చింది. మరుసటి ఆదివారం మండ మామూలుగానే కట్టింది. కట్టి, బావ మొహం చూడకుండా, అంతా కనిపెట్టేసినట్టే అంది. "దిగీటప్పుడు ఎయ్యండి. తొందరేటీ నేదు."

ఏళ్ళు గడిచాయి. నాకు షుగరు వచ్చింది, ఒక మోకాలు నా మాట వినడం మానేసింది. ఈ పొద్దున "ఇదేటక్కా, నాకు కట్టినావు?" అని అడిగితే, "నీకు మాత్రం ఎక్కీటప్పుడేరా" అంది. మలుపులో బుద్ధిగా దిగాను. మండ వేసి, బావ కూర్చునే రాతి మీదే కూర్చున్నాను. పైన మంచులోంచి బావ సైకిలు బెల్లు వినిపిస్తోంది, నా కోసం ఆగి కొడుతున్నాడు. కాలం మమ్మల్ని ఒకరి చోట ఒకరిని కూర్చోబెట్టింది. మండ మాత్రం ఆ చెట్టుదే, కట్టిన చెయ్యీ అదే.